బాబుకి 14 నెలలు, ఇంకా ఒంటరిగా అడుగెయ్యలా, కాళ్లు దొడ్డిగా ఉన్నాయి – భయపడాలా?

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి 14 నెలలు నిండాయంట. మంచం కోడు పట్టుకుని లేస్తాడు, మంచం చుట్టూ పక్కపక్కకి నడుస్తాడు, చెయ్యి వదిలితే మాత్రం కూలబడిపోతాడు. నిలబెడితే మోకాళ్ల మధ్య సందు కనపడతా ఉంది, అప్పుడప్పుడు మునివేళ్ల మీద లేస్తాడు. పక్కింటి పాప పదో నెలకే నడిచేసింది, అత్తగారు వాకర్ కొనమంటున్నారు, ఇంకెవరో గట్టి బూట్లు వేస్తే కాళ్లు చక్కబడతాయన్నారు, ఎవరి మాట వినాలో తెలియట్లా అని రాశారు.

నేను నెల్లూరులో పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను. చాలా ఏళ్లుగా గూడూరు, ఆత్మకూరు, ఉదయగిరి, కందుకూరు, కనిగిరి వైపు నుంచి వచ్చే పిలకాయల్ని చూస్తా ఉన్నాను, ఈ ప్రశ్న వారానికి ఒకరన్నా అడుగుతారు, కాబట్టి పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండమ్మా.

ముందు జవాబు చెప్పేస్తా. మీరు రాసిన దాన్ని బట్టి బాబు దారిలోనే ఉన్నాడు, భయపడబాకండి. పట్టుకుని లేవడం, పట్టుకుని పక్కకి అడుగులెయ్యడం ఇవన్నీ ఒంటరి నడకకి ముందు వచ్చేవే, అక్కడిదాకా వచ్చిన పిల్లోడు నెలకి నడవొచ్చు, మూడు నెలలకి నడవొచ్చు. 18 నెలలు నిండేదాకా ఆగొచ్చు. నిండినా నడవకపోతే మాత్రం ఎవరెన్ని చెప్పినా ఒకసారి చూపించాల్సిందే. కాళ్లు దొడ్డిగా ఉండటం ఈ వయసులో మామూలే. వాకర్ కొనబాకండి. ఇంట్లో బూట్లు అక్కర్లేదు. కానీ కుడి కాలికీ ఎడమ కాలికీ తేడా ఉందా అన్నది మాత్రం ఈ వారంలోనే చూసుకోండి, నెలల లెక్క కన్నా నాకు అదే ముఖ్యం. ఎట్టా చూడాలో కింద చెప్తాను.

నెలల లెక్క సంగతి ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా ఈ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని నెలనెలా చూసి 2006లో లెక్కలు బయటపెట్టారు, మన దేశం తరపున ఢిల్లీ పిల్లలున్నారు అందులో. ఒంటరిగా నడవడం సగటున 12 నెలలకి వచ్చింది, కానీ రెండు చివర్లా నూటికి ఒక్కొక్కరిని వదిలేసి, ముందు నడిచినోళ్ల నుంచి ఆలస్యంగా నడిచినోళ్ల దాకా చూస్తే 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా పరుచుకుని ఉంది. తొమ్మిది నెలల తేడా! వాళ్లంతా ఏ జబ్బూ లేని పిల్లలే. అంటే పక్కింటి పాప పదికి నడిచినా మీ వాడు పదహారుకి నడిచినా ఇద్దరూ ఆ గీతల లోపలే. ఇంకో మాట కూడా ఉంది అందులో, నూటికి నలుగురు పైచిలుకు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు దోగాడనే లేదు, అయినా లేచి నడిచారు. కొంతమంది కూర్చునే పిరుదుల మీద జరుగుతా ఇల్లంతా తిరుగుతారు, అట్టాంటోళ్లు నిలబడటం, నడవడం రెండూ ఆలస్యం చేస్తారు, అడిగితే చాలా ఇళ్లల్లో నాన్నో మేనమామో కూడా చిన్నప్పుడు అంతేనని అవ్వ చెప్తది. నెలలు తక్కువై పుట్టిన బిడ్డ అయితే పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి లెక్కపెట్టండి, రెండు నెలలు ముందు పుట్టినోడికి 14 నెలలంటే నడక లెక్కలో 12 నెలలే.

అసలు నడక ఎట్టా తయారవుతుందో కొంచెం తెలిస్తే సగం భయం పోతుంది. పుట్టిన బిడ్డని చంకల కింద పట్టుకుని పాదాలు పరుపుకి ఆనిస్తే టకటకా అడుగులేసినట్టు కాళ్లాడిస్తది. అది చూసి మురిసిపోతారు, మళ్లీ రెండో నెలకల్లా అది మాయమైపోతే కంగారు పడతారు. ఆ అడుగులు బుద్ధిపూర్వకంగా వేసేవి కావు, పుట్టుకతో వచ్చేవి. ఎస్తర్ థెలెన్ అనే ఆవిడ 1980లలో ఒక చక్కని పని చేసింది, అడుగులు మానేసిన పసిబిడ్డల కాళ్లని నీళ్లల్లో ఉంచి చూసింది, బరువు తేలికైన వెంటనే మళ్లీ అడుగులేశారు. మొదటి రెండు నెలల్లో తొడలకి కొవ్వు పట్టినంత వేగంగా కండకి బలం రాదు, లేపలేక ఆగిపోతాయన్నమాట కాళ్లు. అందుకే ఒళ్లు బొద్దుగా ఉన్న పిల్లోడు కాస్త నిదానంగా లేస్తే నేను ఆశ్చర్యపోను.

ఆ తర్వాత మెడ, నడుము, తుంటి, మోకాలు, మడమ, పైనుంచి కిందకి ఒక్కోటీ పట్టు చిక్కాలి. మన పెద్దోళ్లు బోర్లాపడితే బొబ్బట్లు, పారాడితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులకి అరిసెలు అని వరసగా పండగ చేసేది ఊరికే కాదు, ఒక్కో మెట్టునీ గుర్తుపెట్టుకుని చూసేవాళ్లు. మీరూ అట్టాగే చూడండి, ఎన్నో నెలకి వచ్చింది అని కాదు, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతున్నాడా, ఒకచోట ఆగిపోయాడా అని. మూడు నెలలుగా కొత్త పని ఏదీ రాలేదంటే 14 నెలలకైనా నేను చూడాలనుకుంటాను, ఏదో ఒకటి కొత్తగా వస్తా ఉంటే 17 నెలలకైనా నాకు కంగారు లేదు.

నా గదిలో పొట్టి బల్ల ఒకటి ఉంది, పిల్లోడి రొమ్ము ఎత్తుకి వస్తది. దాని మీద ఒక చివర స్టీలు గ్లాసు పెడతాను. మీ వాడి వయసు పిల్లోడు బల్ల పట్టుకుని గ్లాసు కోసం పక్కకి పోతాడు చూడండి, అప్పుడు నేను వాడి మొహం చూడను, పాదాలు చూస్తాను. కుడి వైపు జరగాలంటే ముందు బరువంతా ఎడమ కాలి మీద వెయ్యాలి, అప్పుడే కుడి పాదం లేస్తది. ఒక్క క్షణం ఒంటికాలి మీద నిలబడ్డాడు అన్నమాట, నడకంటే మొత్తం అదే. తర్వాత గ్లాసుని ఇంకో చివరకి మారుస్తాను, ఇప్పుడు ఎడమ వైపు పోవాలి. రెండు వైపులా ఒకే రకంగా పోతే నాకు సగం ధైర్యం వచ్చేస్తది. ఆ తర్వాత గ్లాసుని బల్ల మీద నుంచి తీసి వెనక కుర్చీ మీద పెడతాను, జానెడు దూరంలో. ఒక చెయ్యి బల్ల మీద ఉంచి, నడుము తిప్పి, రెండో చెయ్యి కుర్చీ మీదకి చాపి, మధ్యలో ఒక్క రెప్పపాటు రెండు చేతులూ గాల్లో ఉంటాయి, అది చేశాడంటే ఒంటరి అడుగు దగ్గర్లోనే ఉందని తల్లికి చెప్పి పంపిస్తా. ఇదంతా మీరు ఇంట్లో మంచం, స్టూలు పెట్టి చూడొచ్చు, డబ్బు ఖర్చు లేదు.

ఇక అడుగులొచ్చాక నడక చూసి భయపడే వాళ్లు ఇంకో సగం. కొత్తగా నడిచే బిడ్డ నడక పెద్దోళ్ల నడకలా అసలు ఉండదు, ఉండకూడదు కూడా. పాదాలు ఎడంగా పెడతాడు, వేళ్లు బయటకి తిరిగి ఉంటాయి, చేతులు రెండూ భుజాల దాకా పైకెత్తి మోచేతులు మడిచి పెట్టుకుంటాడు, మోకాళ్లు పూర్తిగా సాగవు, మడమ ముందు ఆనదు, పాదం మొత్తం ఒక్కసారే పటుక్కున నేలకి కొడతాడు. కొత్తగా సైకిల్ నేర్చుకునేవాడు హ్యాండిల్ బిగించి పట్టుకున్నట్టు ఒంట్లో కండలన్నీ బిగించి పెడతాడు, పడిపోకుండా ఉండటానికి వాడికి తెలిసిన ఉపాయం అదొక్కటే. అడుగు చిన్నది కాబట్టి వేగం కోసం ఎక్కువ అడుగులేస్తాడు, ఏడాది పిల్లోడు నిమిషానికి 170 దాటి అడుగులేస్తే పెద్దోళ్లం 110, 115 దగ్గర ఉంటాం. శాన్ డియేగోలో డేవిడ్ సదర్లాండ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఒకటి నుంచి ఏడేళ్ల పిల్లలు 186 మందిని కెమెరాలతో కొలిచి 1980లో రాసిన లెక్కలు ఇవి, ఇప్పటికీ మేం అవే చూసుకుంటాం.

పడటం గురించి కూడా అడుగుతారు, రోజంతా పడతానే ఉన్నాడండీ అని. పడాలి. కారెన్ అడాల్ఫ్ అనే ఆవిడ న్యూయార్క్‌లో 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటా ఉంటే వదిలేసి లెక్కపెట్టింది, గంటకి సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం. గంటకి పదిహేడు సార్లు! పడిన ప్రతిసారీ మనం పరుగెత్తుకుపోయి ఎత్తుకుంటే ఆ రెండువేల అడుగులు ఎప్పుడు వేస్తాడు చెప్పండి. పదునైన మూలలు, మెట్లు, నీళ్ల తొట్టి, బకెట్లు మాత్రం చూసుకోండి, మిగతాది వాణ్ణి పడనీయండి.

నడక మొదలైన ఆరు నెలలకి అటూ ఇటూగా చేతులు కిందకి దిగుతాయి, మడమ ముందు ఆనడం మొదలవుతది. రెండేళ్లకల్లా పరుగు లాంటిది వస్తది, రెండు, రెండున్నర మధ్యలో రెండు పాదాలూ ఒకేసారి లేపి గెంతుతాడు, మూడేళ్లకి కాలు మార్చి కాలు వేసి మెట్లెక్కుతాడు, దిగడానికి నాలుగేళ్లు పడతది. నడక పోలిక మూడేళ్లకల్లా చాలావరకు పెద్దోళ్ల నడకలా కనపడతది గానీ పూర్తిగా కుదిరేది ఏడేళ్లకి. కాబట్టి రెండేళ్ల పిల్లోడి నడక వీడియో తీసి యూట్యూబ్‌లో పెద్దోళ్ల నడకతో పోల్చి చూడబాకండి.

కాళ్ల వంకర. కడుపులో కాళ్లు ముడుచుకుని ఉన్న బిడ్డ పుట్టాక రెండేళ్ల దాకా దొడ్డికాళ్లతోనే ఉంటాడు. ఆ తర్వాత చక్కబడి అక్కడితో ఆగదు, ఇంకో వైపు పోతది. మూడు నాలుగేళ్లకి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, మడమలు దూరంగా ఉంటాయి. మళ్లీ ఏడేళ్లకల్లా సర్దుకుంటది. దొడ్డికాళ్లప్పుడు ఒకసారి, మోకాళ్లు తగిలేటప్పుడు ఒకసారి, ఒకే తల్లి రెండు సార్లు నా దగ్గరకి కంగారుగా వస్తది, రెండు సార్లూ మామూలేనని చెప్పి పంపిస్తాను. ఎప్పుడు మామూలు కాదంటే: రెండేళ్లు దాటినా వంకర తగ్గకుండా పెరగడం, ఒక కాలే వంకరగా ఉండటం, పడుకోబెట్టి రెండు చీలమండలు కలిపితే మోకాళ్ల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటడం, వంకరతో పాటు మణికట్లు లావుగా ఉబ్బి ఉండటం, పక్కటెముకల మీద పూసల్లా తగలడం. ఈ ఆఖరివి రికెట్స్ అనే ఎముకల జబ్బు గుర్తులు, విటమిన్ డి చాలకపోతే వస్తది. ఇంత ఎండున్న ఊళ్లో విటమిన్ డి తక్కువేంది అనుకుంటారు గానీ ఎండకి భయపడి బిడ్డని గదిలోనే ఉంచితే, తల్లికే విటమిన్ డి తక్కువుంటే, పాలల్లో ఎక్కడి నుంచి వస్తది? పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వెయ్యమని పిల్లల డాక్టర్లు చెప్పేది అందుకే. చాలామంది మూడు నెలలు వేసి మానేస్తారు, మానబాకండి. ఏడాది దాటాక కూడా పాల సీసా మీదే బతికే పిలకాయలకి అన్నం, పప్పు, గుడ్డు, రాగి సంగటి అలవాటు చెయ్యండి, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటది.

మన వైపు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ సంగతి కొత్తది కాదు, ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1937లోనే డాక్టర్లు ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి రాశారు, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 14 నెలల బిడ్డ దొడ్డికాళ్లకి దాంతో సంబంధం లేదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ ఆరేడేళ్లు దాటి, మామూలుగా సర్దుకోవాల్సిన వయసులో మోకాళ్లు ఇంకా లోపలికి పోతా ఉంటే, తిండిలో కాల్షియం తక్కువుంటే, తాగే నీళ్లు బోరువే అయితే, నేను ఎక్సర్‌సైజులు చెప్పే ముందు నీళ్లు టెస్ట్ చేయించమంటాను. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు, అసలు 1 లోపే ఉండటం మంచిది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేస్తారు, సీసాలో పట్టుకుపోయి ఇవ్వండి.

చదును పాదాలు, మునివేళ్లు, లోపలికి తిరిగే పాదాలు. పసిబిడ్డలందరి పాదాలూ చదునే, అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటది, వంపు ఐదారేళ్లకి గానీ సరిగ్గా కనపడదు. మునివేళ్ల మీద లేపి నిలబెడితే వంపు వస్తోందంటే ఆ పాదానికి ఏ ఢోకా లేదు. బూట్ల గురించి అడిగారు కదా, మణిపాల్‌లో రావు గారు, జోసెఫ్ గారు అనే డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసి 1992లో రాశారు, చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లల్లో 2.8 శాతం. కాబట్టి ఇంట్లో, పంచలో, ఇసకలో వట్టి కాళ్లతో నడవనీయండి, పాదానికి నేల తగలాలి. బయట ఎండకి, ముళ్లకి మెత్తగా వంగే చెప్పులు చాలు. కీచుకీచుమనే బూట్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ వాటి అడుగుభాగం బిరుసుగా ఉంటది, కొత్త నడకకి అడ్డమే.

మునివేళ్ల మీద అప్పుడప్పుడు లేవడం రెండేళ్ల దాకా మామూలే. ఎప్పుడూ మునివేళ్ల మీదే ఉండి, మీరు పాదాన్ని పైకి వంచబోతే మడమ వెనక నరం బిగిసి రానివ్వకపోతే, లేదా ఒక్క కాలు మాత్రమే అట్టా ఉంటే చూపించండి. మాటలు కూడా రాకుండా, పిలిస్తే కళ్లల్లోకి చూడకుండా ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. పాదాలు లోపలికి తిరగడం ఎక్కువగా దానంతట అదే సర్దుకుంటది, ఏడాది రెండేళ్లప్పుడు పిక్క ఎముక మెలికతో, మూడేళ్లు దాటాక తొడ ఎముక మెలికతో వస్తది, దీనికి ప్రత్యేక బూట్లు, బెల్టులు అమ్మేవాళ్లున్నారు, అవి ఎముకని తిప్పలేవు, డబ్బు దండగ.

ఇప్పుడు కుడి ఎడమ తేడా దగ్గరకి వస్తాను, ఈ జవాబులో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఉదయగిరి వైపు నుంచి రెండేళ్లు దాటిన పాపని తీసుకొచ్చారు. పాప 15 నెలలకే నడిచింది, అరిసెలు పంచారు, అందరూ సంతోషం. నడిచినప్పుడు కాస్త ఒక పక్కకి ఒరుగుతది, బలం చాలక అనుకున్నారు, నూనె మర్దన చేయించారు. నేను పాపని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి పాదాలు రెండూ పక్కపక్కన ఆనించాను, ఒక మోకాలు ఎత్తుగా, ఒకటి పల్లంగా కనపడ్డాయి. తొడలు రెండూ పక్కలకి తెరిస్తే ఎడమది తెరుచుకోలా. తొడ ఎముక తల తుంటి కీలు గిన్నెలో నుంచి పక్కకి జరిగి ఉంది, పుట్టినప్పటి నుంచీ. ఆ పాపకి నొప్పి లేదు, ఏడుపు లేదు, నడక ఆలస్యం కూడా కాలా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇదే ఆరు నెలల లోపు దొరికితే మెత్తటి బెల్టుతో చాలావరకు సరిపోతది, రెండేళ్లకి దొరికితే ఆపరేషన్, పిండికట్టు దాకా పోవాల్సి వస్తది. ఆ పాపకి చేశారు, ఇప్పుడు బాగా నడుస్తది, కానీ ఆ ఇంట్లోవాళ్లు పడిన తిప్పలు చూశాక నేను ప్రతి తల్లికీ ఈ పరీక్ష చెప్తాను.

ఇంట్లో చూడాల్సింది ఇంతే: డైపర్ మార్చేటప్పుడు రెండు తొడలూ ఒకే అంత తెరుచుకుంటున్నాయా, మోకాళ్లు మడిస్తే ఒకే ఎత్తులో ఉన్నాయా, తొడ మడతలు రెండు వైపులా ఒకే రకంగా ఉన్నాయా. మడతల తేడా ఒక్కటే ఉంటే అంత భయం లేదు, మిగతా రెండింటిలో తేడా ఉంటే వెంటనే పోవాలి. ఆడపిల్ల, తొలిచూలు బిడ్డ, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ, ఇంట్లో ఇంకెవరికన్నా తుంటి సమస్య ఉండటం – వీళ్లకి ఈ అవకాశం ఎక్కువ, ఎదురుకాళ్ల బిడ్డ సిజేరియన్ అయి పుట్టినా సరే ఆరు వారాలప్పుడు తుంటి స్కానింగ్ అడిగి చేయించుకోండి. పసిబిడ్డని గుడ్డలో చుట్టేటప్పుడు కాళ్లు నిటారుగా సాగదీసి బిగించబాకండి, నీళ్లు పోసే ఆమె కాళ్లు పట్టుకుని లాగి సాగదీస్తా ఉంటే మెల్లిగా వద్దని చెప్పండి. చంకనేసుకుని ఎత్తుకోవడం మాత్రం మంచిది, కాళ్లు రెండు పక్కలకి తెరుచుకుని ఉంటాయి, కీలు గిన్నెలో కుదురుగా కూర్చుంటది.

తేడా చేతుల్లో కూడా చూడండి. ఏడాది లోపే ఒక చెయ్యే వాడి రెండోది పిడికిలి బిగించి పెట్టడం, దోగాడేటప్పుడు ఒక కాలు ఈడ్చడం, మెదడుకి సంబంధించిన బలహీనత గుర్తు కావొచ్చు. ఎడమచేతి వాటం అనుకుని సరిపెట్టుకోబాకండి, వాటం అంత త్వరగా రాదు.

ఆగకుండా చూపించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. వచ్చిన పని పోవడం, అంటే నిన్నటిదాకా నిలబడి ఇప్పుడు నిలబడకపోవడం. నడిచే పిల్లోడు ఉన్నట్టుండి జ్వరంతో కుంటడం, కాలు కింద పెట్టనివ్వకపోవడం, ఇది అదే రోజు ఆస్పత్రికి పోవాల్సిన సంగతి, కీలులో చీము ఉండొచ్చు. మగపిల్లలు ఆలస్యంగా నడిచి, మూడు నాలుగేళ్లకి పిక్కలు లావుగా, గట్టిగా ఉండి, నేల మీద నుంచి లేచేటప్పుడు తమ తొడల మీదే చేతులు ఆనించుకుంటా మెట్టుమెట్టుగా లేస్తే కండరాల జబ్బు కావొచ్చు, సీపీకే అని ఒక రక్త పరీక్షతో అనుమానం తేలుతది. 18 నెలలకి నడవని మగపిల్లోడికి ఆ పరీక్ష చేయించమని నేను అడుగుతాను, చాలామందికి మామూలే వస్తది, మనశ్శాంతి.

వాకర్ ఎందుకు వద్దంటున్నానంటే, అందులో కూర్చున్న బిడ్డ బరువు పాదాల మీద పడదు, సీటు మీద పడతది. మునివేళ్లతో నేలని తన్ని జారుతాడు, తన పాదాలు తనకి కనపడవు, పడబోతే నిలదొక్కుకోవాల్సిన అవసరమే రాదు. నేర్చుకోవాల్సినవన్నీ తప్పిస్తది అన్నమాట. దెబ్బల సంగతి వేరే, మన ఇళ్లల్లో గడపలు, అరుగులు, మెట్లు ఉంటాయి, ఒక్క క్షణంలో చక్రాలు దొర్లిపోతాయి. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. అత్తగారు ప్రేమతోనే చెప్తున్నారు, ఆమెతో గొడవ పడబాకండి, దాని బదులు పాతకాలం మూడు చక్రాల చెక్క బండి కొనమనండి. అది వేరు, బిడ్డ తన కాళ్ల మీద తను నిలబడి తోస్తాడు. వాడు పట్టుకోకుండా రెండు మూడు క్షణాలు నిలబడటం మొదలుపెట్టాక ఇవ్వండి, మరీ తేలిగ్గా ఉంటే ముందుకి పరుగెడతది, కింద ఒక ఇసక సంచి కట్టండి.

మీ బాబుకి ఇప్పుడు చెయ్యాల్సింది: రెండు చేతులూ పైకి పట్టుకుని నడిపించడం తగ్గించండి, అట్టా నడిపిస్తే బిడ్డ ముందుకి వాలి వేలాడతాడు, బరువు మోసేది మీ చేతులే. దాని బదులు తుంటి దగ్గర రెండు వైపులా మెల్లిగా పట్టుకుని, కాస్త కుడికి, కాస్త ఎడమకి బరువు మారేటట్టు ఊపండి. మంచానికీ కుర్చీకీ మధ్య జానెడు సందు పెట్టి, నాలుగు రోజులకోసారి కొంచెం పెంచండి. గోడకి వీపు ఆనించి నిలబెట్టి, ఎదురుగా కూర్చుని ఇష్టమైన వస్తువు చూపించి పిలవండి. కింద కూర్చుని, స్టూలు పట్టుకుని లేవడం, మళ్లీ మెల్లిగా కూర్చోవడం ఆటలా ఆడించండి, మెల్లిగా కూర్చునేటప్పుడు కూడా తొడలకి బలం వస్తది. ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టిన గంటలు తగ్గించి నేల మీద వదిలిన గంటలు పెంచండి. ఒళ్లు బాగోలేక, నిద్ర చాలక ఉన్న రోజు బలవంతం చెయ్యబాకండి.

ఎక్కడికి పోవాలి అంటే ముందు మీ పిల్లల డాక్టరు దగ్గరకే పోండి. అంగన్‌వాడీలో, ఏఎన్ఎం దగ్గర ఉండే తల్లీబిడ్డ కార్డులో ఏ వయసుకి ఏం చెయ్యాలో బొమ్మలతో ఉంటది, అది తీసుకుపోండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీలకి డాక్టర్ల టీం వస్తది, అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లాలో డీఈఐసీ అనే, ఎదుగుదల సమస్యల్ని ముందుగా పట్టి చికిత్స చేసే సెంటర్‌కి పంపిస్తారు, అక్కడ డబ్బు తీసుకోరు. డాక్టరు గదిలో పిల్లలు ఏడుస్తారు, నడవరు, కాబట్టి ఇంట్లోనే వీడియో తీసి పెట్టుకోండి: నిక్కరు మాత్రమే వేసి, వట్టి కాళ్లతో, కెమెరా బిడ్డ మోకాళ్ల ఎత్తులో పెట్టి, ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఒక్కోటి అర నిమిషం చాలు. నేల మీద నుంచి లేచేది కూడా ఒకటి తియ్యండి. బాబు తొడలు తెరిచి చూశాక తేడా కనపడితే ఇక్కడ జవాబు కోసం చూడబాకండమ్మా, మర్నాడే పోండి. తేడా లేకపోతే పుట్టినప్పటి బరువు, నెలలు నిండి పుట్టాడా లేదా, ఎన్నో నెలకి కూర్చున్నాడు, విటమిన్ డి చుక్కలు ఎప్పటిదాకా వేశారు, ఈ నాలుగూ కింద రాయండి, చూసి చెప్తాను.